మీ ఊళ్ళో మా మనిషి

నీ ఇల్లు, వంటగది బల్ల దగ్గర
వర్షాలు మొదలైన వారం

వదినా,

నీ ఇంట్లో దిగాను. నువ్వూ ఈపాటికి నా ఇంట్లో దిగే ఉంటావు కాబట్టి ముందు పనికొచ్చేవి రాస్తాను. మా స్నానాల గదిలో కుళాయిని ఎడమకి తిప్పాలి, కుడికి తిప్పితే చేతికొస్తుంది. బీరువా తలుపు సముద్రపు గాలికి ఉబ్బిపోయింది, భుజంతో ఒక్క తోపు తోస్తే చాలు. కింద వాటాలో దర్జీ ముసలాయన ఉంటాడు. మంచివాడు, మాటకారి.

ఆలోచిస్తే నవ్వొస్తోంది. అన్నయ్య పోయాక మనిద్దరం ఒకే ఊళ్ళో ఉందామని ఎన్నిసార్లు అనుకున్నాం? నువ్వు మీ ప్రింటర్ల కంపెనీ వదల్లేక, నేను మా కాపీ మిషన్ల కంపెనీ వదల్లేక అది కుదరనే లేదు. తీరా ఇప్పుడు మా వాళ్ళు ప్రింటర్ల వ్యాపారంలోకి దిగుతూ నన్ను మీ ఊరికి తోలారు. మీ వాళ్ళు కాపీ మిషన్లలోకి దిగుతూ నిన్ను మా ఊరికి తోలారు. ఇన్నాళ్ళూ కాగితం చూసి కాగితం తీసే పని మాది, కంప్యూటర్లో ఉన్నదాన్ని కాగితం మీదకి దింపే పని మీది. ఒకళ్ళ జోలికి ఒకళ్ళు పోలేదు. ఇప్పుడు ఒకే డబ్బా రెండు పనులూ చేసేస్తుంటే ఇద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడాల్సొచ్చింది. మనం మాత్రం ఒక ఊరికి చేరే బదులు ఊళ్ళు మార్చుకున్నాం.

ఆఫీసు ఫోన్లో నీతో మాట్లాడొద్దని మా మేనేజరు గట్టిగా చెప్పాడు. ఎదుటి కంపెనీ మనిషివట. ఇంట్లో ఫోను నువ్వూ పెట్టించుకోలేదు, నేనూ పెట్టించుకోలేదు. కాబట్టి ఉత్తరాలే గతి. ఎవరికి అమ్ముతున్నామో, ఎంతకి అమ్ముతున్నామో రాసుకోవద్దు. మిగతావన్నీ రాసుకుందాం.

నీ గరిటెలు ఎక్కడున్నాయి? నాకు ఒక్కటే కనిపించింది.

నీ పిచ్చుక


నీ ఇల్లు, కిటికీ పక్కన
ఇంకా ముసురే

పిచ్చుకా,

గరిటె ఒక్కటే. వండేది ఒక్క గిన్నెలో అయినప్పుడు ఇంకోటి దేనికి?

నీ ఉత్తరం అందేలోపే కుళాయి చేతికొచ్చింది. దర్జీగారు వచ్చి బిగించి వెళ్ళారు. ఆ అమ్మాయికి మీరేమవుతారని అడిగితే వదినని చెప్పాను. ఆయన కాసేపు నన్నే చూసి, అయితే ఆ అమ్మాయికి మనుషులున్నారన్నమాట అన్నారు. ఆ మాట ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు. ఆదివారం వస్తే నీ స్నేహితురాళ్ళంతా దిగిపోయి ఇల్లు పీకి పందిరేస్తారని రాసేదానివి కదా. నేను వచ్చాక ఏ ఆదివారమూ ఎవరూ రాలేదు. నువ్వు ఊళ్ళో లేవని వాళ్ళకి తెలుసేమోలే.

మా బ్రాంచి అంటే ఐస్ ఫ్యాక్టరీ పక్కన ఒక గది, ఒక బోర్డు, ఒక మెకానిక్, నేను. మెకానిక్ పెద్దగా మాట్లాడడు. నేనూ అంతే కాబట్టి పొద్దస్తమానం ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు వింటూ కూర్చుంటాం. ఈ వయసులో గుమ్మం గుమ్మం ఎక్కి, మేం కూడా కాపీ మిషన్లు చేస్తున్నామండీ అని చెప్పుకోవడం కొత్త కాపురంలా ఉంది. ఎవరి దగ్గర ఏం మాట్లాడాలో తెలియదు. మీ ఊళ్ళో ‘కాపీ తీసుకురా’ అనరు. మీ కంపెనీ పేరు చెప్పి ‘అది కొట్టించుకురా’ అంటారు. నేను మాది కూడా కొడుతుందండీ అంటే జాలిగా చూస్తారు.

వేళకి తిను.

వదిన


నీ ఇల్లు, వరండాలో
వాన వెలిసింది

వదినా,

స్నేహితురాళ్ళ సంగతి తర్వాత. ముందు మంచి కబురు. ఒక కాలేజీ వాళ్ళు మా మిషన్ తీసుకున్నారు. ఏ కాలేజీయో రాయను. మీ కంపెనీ పుట్టిన ఊళ్ళో, మీ కంపెనీ బోర్డు కనిపించే కిటికీ పక్కనే పెట్టి బిగించాం. స్విచ్చి వేయగానే లోపల దీపం అటూ ఇటూ నడిచింది, మొదటి కాగితం వెచ్చగా చేతిలో పడింది. ప్రిన్సిపాలుగారు దాన్ని తీసుకుని చెంపకి ఆనించుకుని చూశారు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా.

మా మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాను. గంతులేస్తాడనుకున్నాను. ‘ఓహో, అప్పుడేనా’ అని పెట్టేశాడు. ఎవరికైనా చెప్పకపోతే ఉండలేననిపించి ఎదురింటి టీచరమ్మ తలుపు కొట్టాను. నీ ఆడపడుచునని చెప్పాను. ఆవిడ మర్యాదగానే కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో ఒకావిడ ఉంటుందని తెలుసుగానీ ఎప్పుడూ మాట్లాడలేదండీ అంది.

వదినా, టీచరమ్మ కూతురికి సాయంత్రాలు లెక్కలు చెప్తున్నానని, ఆ పిల్ల తన స్నేహితుల్ని కూడా తోలుకొస్తోందని, ఇల్లు సంతలా ఉంటోందని ఏళ్ళ తరబడి రాశావు. ఆవిడకి కూతురే లేదు.

ఇది కోపంతో రాయడం లేదు.

పిచ్చుక


నీ ఇల్లు
ఎండలు మళ్ళీ వచ్చాయి

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చిన రోజు చదవడానికే తీరిక లేకపోయింది. ఇన్నాళ్ళూ నన్ను మరిచిపోయిన మా డైరెక్టరు ఉన్నట్టుండి ఫోన్ చేసి, రేవులో ఉన్న ఆఫీసులన్నీ తిరగండి, ఏ ధర అడిగితే ఆ ధరకి ఇచ్చెయ్యండి, నన్ను అడగక్కర్లేదు అన్నారు. మెకానిక్కూ నేనూ తోపుడు బండి మీద డబ్బాలు పెట్టుకుని రేవు వీధంతా ఊరేగాం. అందరూ నీ ఖాతాదార్లే. ఒకాయన నిన్ను తలుచుకుని, ఆ చలాకీ అమ్మాయి ఎక్కడికి వెళ్ళిపోయిందని అడిగాడు. నీ వదిననని చెప్పలేదు. నీ చేతిలోది లాక్కుంటూ ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఇక టీచరమ్మ కూతురు. మీ అన్నయ్య పోయిన కొత్తలో ప్రతి ఉత్తరంలోనూ ‘ఒక్కదానివీ ఎలా ఉంటున్నావు’ అని అడిగేదానివి. జవాబు రాయలేక ఒకసారి ఆ పిల్లని కల్పించాను. నువ్వు కుదుటపడ్డావు. ఆ తర్వాత ఆ పిల్లకి పరీక్షలొచ్చాయి, జ్వరమొచ్చింది, మంచి మార్కులొచ్చాయి. ఆపడం నా చేతకాలేదు. నిజం చెప్పాలంటే సాయంత్రం అయ్యేసరికి నాకూ ఆ పిల్ల వస్తుందేమో అన్నట్టుండేది.

నీ అటక మీద మూడు కుర్చీలు బోర్లించి ఉన్నాయి. వాటి మీద దుమ్ము చూస్తే ఇప్పటిది కాదు. నీ స్నేహితురాళ్ళు నేల మీద కూర్చుంటారా?

నేనూ కోపంతో రాయడం లేదు.

వదిన


నీ ఇల్లు, వంటగది బల్ల
చలి మొదలైంది

వదినా,

నేల మీదా కూర్చోరు. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. పెళ్ళిళ్ళయి తలో ఊరూ వెళ్ళిపోయారు. నేను వాళ్ళని ఉత్తరాల్లో అలాగే ఉంచేశాను. ఆదివారాలు రేవుకి వెళ్ళి పడవెక్కి అవతలి ఒడ్డుదాకా వెళ్ళేదాన్ని. దిగేదాన్ని కాదు. అదే పడవలో తిరిగొచ్చేదాన్ని. అంతే.

ఇన్నేళ్ళు నువ్వు నాకోసం, నేను నీకోసం లేని జనాన్ని పోగేశామన్నమాట. ఇప్పుడు నీ ఇంట్లో నేను ఒక్కదాన్నీ కూర్చుంటే, నువ్వు ఇక్కడ ఎలా కూర్చునేదానివో తెలుస్తోంది. గోడకి తల ఆనించుకునే చోట సున్నం నల్లబడింది. నేను సరిగ్గా అక్కడే ఆనుకుంటున్నాను.

ఆఫీసు సంగతి చెబితే నీకూ వింతగా ఉంటుంది. కాలేజీ తర్వాత ఇంకో నాలుగు గుమ్మాలు ఎక్కుదామనుకుంటే, మా మేనేజరు కొన్నాళ్ళు ఊరుకోమన్నాడు. ఎందుకని అడిగితే, చెప్పింది చెయ్యి అన్నాడు. ఊరుకున్నాను. కానీ వ్యవహారం ఊరుకోలేదు. కాలేజీలో మా మిషన్ చూసి ఒక పెద్ద ఆఫీసు నుంచి రికార్డు గది పెద్దాయన తనే వెతుక్కుంటూ వచ్చాడు. పేరు రాయను. గదుల నిండా పాత కాగితాల కట్టలు. అన్నిటికీ కాపీలు కావాలి, కంప్యూటర్లకీ కలపాలి. ఆయన చాలా పట్టుదల మనిషి. కాగితం చెమ్మగా ఉంటే మిషన్లో అతుక్కుపోతుందని తెలిసి, తనే నాతో కలిసి కిటికీ దగ్గర దస్తాలు విప్పి ఆరబెట్టాడు. ఇద్దరం ముక్కులకి గుడ్డలు కట్టుకుని దుమ్ములో పని చేస్తున్నాం. ఆయన్ని కూతుర్ల గురించి అడిగాను. ఆయనకి నిజంగానే ఉన్నారు.

చాలాకాలం తర్వాత పొద్దున్నే లేవాలనిపిస్తోంది.

పిచ్చుక


నీ ఇల్లు, కిటికీ పక్కన
చలికాలం మధ్యలో

పిచ్చుకా,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. కంపెనీ మాటలు రాసుకోవద్దన్నాం. ఈ ఒక్కసారికీ ఆ మాట తప్పుతున్నాను.

నువ్వు కాలేజీలో మిషన్ పెట్టగానే మా డైరెక్టరు నన్ను రేవు మీదకి ఉసిగొల్పారు. నిన్ను ఊరుకోమనగానే నన్నూ చేతులు కట్టుకుని కూర్చోమన్నారు. అప్పుడు పట్టించుకోలేదు. మళ్ళీ ఈ మధ్య నువ్వు ఆ పెద్ద ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టావో లేదో, మా వాళ్ళు ఇక్కడ తెర చాటున ఏదో సిద్ధం చేస్తున్నారు. ఇదేమిటో తేల్చుకుందామని, డైరెక్టరుగారు తనిఖీకి వచ్చినప్పుడు సూటిగా అడిగాను. ఇంకో మెకానిక్‌ని ఎందుకివ్వరు, ఈ బ్రాంచిని పెంచాలని లేదా అని. ఆయన మంచి మనిషే. టీ తాగుతూ చెప్పారు.

‘ఈ ఊళ్ళో మనకి అమ్మకాలతో పని లేదమ్మా. ఇక్కడ మన మనిషి ఉన్నాడని వాళ్ళకి తెలిస్తే చాలు. వాళ్ళు మన ఊళ్ళో మితిమీరితే మనం వాళ్ళ ఊళ్ళో నష్టం చెయ్యగలమని గుర్తుండాలి. అందుకే మీరు.’

అర్థమైందా? నువ్వు అక్కడ ఉన్నదీ అందుకే. మనం గెలవడానికి పంపిన వాళ్ళం కాదు. ఒకరినొకరు భయపెట్టడానికి ఇద్దరు మనుషుల్ని ఎదురెదురుగా నిలబెట్టారు. భయం సరిపోయిన రోజు రెండు కంపెనీల వాళ్ళూ చేతులు కలుపుకుంటారు, మన గదులకి తాళాలు పడతాయి.

పేరు రాయకపోయినా నువ్వు వెళ్తున్నది కోర్టుకని తెలిసిపోయింది. మా ఊళ్ళో అన్ని కట్టలు ఇంకెక్కడా లేవు. ఏళ్ళ తరబడి ఆ మెట్లు ఎక్కినదాన్ని. దాని మీద మరీ ఆశ పెట్టుకోకు. మీ వాళ్ళే నిన్ను దాన్ని గెలవనివ్వరు.

వదిన


మీ ఇల్లు

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. కోర్టు మీ పాత ఖాతా అని మీరు చెప్పేదాకా నాకు తెలియదు. తెలిసిన తర్వాత, ఆశ పెట్టుకోవద్దన్న సలహా ఎవరిదని ఒకటికి రెండుసార్లు అనుకోవాల్సొచ్చింది. రాసింది మా వదినా, ప్రింటర్ల కంపెనీయా అని.

మా మిషన్ మీ మిషన్ కంటే బాగుంది. రికార్డు గది పెద్దాయన రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. మాదే కావాలని పైకి రాసి పంపారు. ఎందుకు గెలవనివ్వరో చూస్తాను.

మీ ఇల్లు శుభ్రంగానే ఉంచుతున్నాను.

ఉంటాను.


నీ ఇల్లు

పిచ్చుకా,

‘గారు’ అని ఎవరికి రాశావో ఆవిడ ఇక్కడ ఉండటం లేదు. ఉత్తరం నేను విప్పాను, ఏమనుకోవద్దు.

రాసింది వదినే. కానీ నువ్వు అలా అనుకోవడంలో తప్పు లేదు. నన్ను నేనే అడిగి చూసుకున్నాను. కోర్టు చేజారిపోతే నాకు బాధ వేస్తుందా అని. వేస్తుంది. మీ అన్నయ్య పోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ పనే. అయినా ఆ మాట రాసింది దానికోసం కాదు.

నువ్వు గెలవాలి. నా చేతిలోది పోతే నీ చేతికే పోనీ. వెళ్ళి గెలుచుకో.

మీ మేనేజరు ఏమన్నా, ఏం జరిగినా, ముందు నాకు రాయి.

వదిన


నీ ఇల్లు, వంటగది బల్ల
ఎండ ముదురుతోంది

వదినా,

నువ్వే ముందు అన్నావు కాబట్టి నీకే ముందు రాస్తున్నాను. రాయడానికి ఇంకెవరూ లేరనుకో.

కోర్టు వాళ్ళు మాదే తీసుకుందామని తేల్చుకున్నారు. ఇక ధర కాగితం ఇవ్వడమే మిగిలింది. ఇచ్చేరోజు పొద్దున్న మా మేనేజరు స్వయంగా వచ్చాడు. అభినందిస్తాడనుకుని టీ పెట్టాను. ఆయన కప్పు ముట్టుకోకుండా, ధర పెంచి రాయమన్నాడు. ఎంతకి పెంచాలో కూడా చెప్పాడు. అంత ధరకి ఎవరూ కొనరండీ అన్నాను. ‘కొనకూడదనే’ అన్నాడు. నీ పేరు పైవాళ్ళ దృష్టిలో పడింది, మంచి చోటుకి పంపుతారు, దీన్ని మాత్రం వదిలెయ్యి అన్నాడు. అప్పటికప్పుడు ఉద్యోగం వదిలేసి వస్తే ఎలా ఉంటుందా అనుకున్నాను. అనుకున్నాను, అంతే. కాగితం తిరగ రాశాను.

రికార్డు గది పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. ఎక్కడో పొరపాటు పడ్డావమ్మా, సరిచేసుకురా అని వెనక్కిచ్చాడు. పొరపాటు కాదండీ అన్నాను. మేమిద్దరం ఆరబెట్టిన దస్తాలు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాయి.

‘అమ్మాయ్, మీకు మాకు అమ్మాలని లేదా?’ అన్నాడు.

ఏం చెప్పను? లేదండీ అనలేను, ఉందండీ అనలేను. దండం పెట్టి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే నువ్వు గుర్తొచ్చావు. ఇవే మెట్లు ఎన్నేళ్ళు ఎక్కావో. నీ మీద ‘గారు’ వేసి రాసిన ఉత్తరం చించెయ్యి.

ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఓడిపోతే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. ఓడిపోమన్నారని ఎవరితో చెప్పుకుంటాం?

పిచ్చుక


నా ఇల్లు
వేసవి

పిచ్చుకా,

ఉత్తరం మీద ‘నా ఇల్లు’ అని రాస్తుంటే కొత్తగా ఉంది.

నేను అనుకున్నట్టే అయింది. మీ వాళ్ళూ మా వాళ్ళూ ఏదో హోటల్లో కూర్చుని మాట్లాడుకున్నారట. రెండు బ్రాంచీలూ ఒకే రోజు మూసేశారు. మెకానిక్‌ బోర్డు దించి, దాన్ని ఏం చెయ్యాలని అడిగాడు. గోడకి ఆనించి వచ్చేశాం. నిన్ను ఒక్కరోజు ఆగమని తంతి ఇచ్చాను. అందేలోపే నిన్ను రైలెక్కించేశారని తర్వాత తెలిసింది. ఇన్ని నెలల తర్వాత ఒక్క పూటైనా ఒకే ఇంట్లో ఉందామనుకున్నాను. కుదరలేదు.

టీచరమ్మ వచ్చి మీ ఆడపడుచు వెళ్ళిపోయిందా అని అడిగింది. లోపలికి రమ్మన్నాను. కూర్చుంది. నీ గురించే మాట్లాడుకున్నాం.

కోర్టు వాళ్ళు మా మిషన్ కొన్నారు. నువ్వు రాసిచ్చిన ధరకి కాస్త తక్కువలో, మామూలు ధర కంటే బాగా ఎక్కువలో. బిగించడానికి నన్నే పంపారు. పెద్దాయన నన్ను గుర్తుపట్టి మాట్లాడాడు. దస్తాలు ఆరబెట్టిన అమ్మాయి ఏమైందని అడిగాడు. వేరే ఊరు వెళ్ళిందన్నాను. ‘ఆ అమ్మాయి మిషనే బాగుండేది’ అన్నాడు. అవునండీ అన్నాను. నాతో వచ్చిన మా మెకానిక్ నా వైపు అదోలా చూశాడు. చూడనీ. మా కంపెనీ మనిషి ఆ మాట అనకూడదు, నీ వదిన అనొచ్చు.

నాకు ఉద్యోగం ఇంకా కొన్నేళ్ళుంది. ఉండిపోతాను. కొత్త చోటు ఎలా ఉందో రాయి. ఎవరినీ కల్పించకుండా రాయి.

వదిన


అద్దె గది
మళ్ళీ వర్షాలు

వదినా,

ఎవరినీ కల్పించకుండా రాస్తే ఈ ఉత్తరం పొట్టిదే అవుతుంది.

గదికి ఒక కిటికీ. కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ, అది ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇక్కడ కెమెరాల కంపెనీది రాజ్యం. ఫోటోలు తియ్యడం, కడగడం అంతా వాళ్ళదే. రంగు బొమ్మలు కూడా మా డబ్బాలోంచే రావాలని మా వాళ్ళకి ఇప్పుడు ఆశ పుట్టింది. ఆశ అంటున్నాను గానీ, అది ఏపాటి ఆశో మనకి తెలుసు కదా. అయినా రోజూ తయారై వెళ్తున్నాను. ఫోటో స్టూడియోల గుమ్మాలెక్కుతున్నాను. ఎక్కాక సరిగ్గా చెప్పకుండా ఉండటం నాకు చేతకావడం లేదు.

నేను ఇక్కడికి వచ్చానని తెలిసి కెమెరాల వాళ్ళు కూడా మా ఊరికి ఒకమ్మాయిని పంపారు. ఇల్లు దొరక్క తిరుగుతుంటే దర్జీగారు నాకు రాశారు. నా వాటా ఖాళీగానే ఉంది కదా, ఇమ్మన్నాను. ఎదుటి కంపెనీ మనిషి అని తెలిసే ఇచ్చాను. ఆ అమ్మాయిని తలుచుకుంటే మనసు ఊరుకోలేదు. మనలా ఎవరూ చెప్పేవాళ్ళు లేక ఊరంతా తిరుగుతుందేమో, చివర్లో ఎవరో పెద్దాయన ముందు తల దించుకుని నిలబడుతుందేమో అని, కూర్చుని ఉన్నదున్నట్టు రాసి పంపాను. నిన్ను గెలవడానికి పంపలేదమ్మా, జాగ్రత్త అని.

జవాబు వచ్చింది. ‘థాంక్సండీ. నాకు మొదటి రోజే చెప్పారు. అమ్మకపోయినా పర్వాలేదు, అక్కడ కనిపిస్తూ ఉండు చాలన్నారు. ఉద్యోగం హాయిగానే ఉంది. సాయంత్రం ఐదు దాటాకే ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఈ ఊళ్ళో మీకు పొద్దెలా పోయేదండీ?’

నాకు కోపం వచ్చింది వదినా. మనకి మాత్రం ఎందుకు చెప్పలేదని. తర్వాత ఆలోచిస్తే, చెప్పి ఉంటే నేను ఆ దస్తాలు ఆరబెట్టేదాన్ని కాదు. ఆ పెద్దాయన నన్ను గుర్తు పెట్టుకునేవాడూ కాదు. చెప్పకపోవడమే నయమేమో. నిజంగా నయమో కాదో నాకు తెలియదు.

ఆ అమ్మాయి అడిగినదానికి ఏం రాయాలో చాలా రోజులు తోచలేదు. చివరికి నీ అడ్రసు ఇచ్చాను. మా వదినకి రాయండి, వేరే కంపెనీ మనిషే గానీ జవాబు రాస్తుంది అని చెప్పాను.

నిన్ను అడక్కుండా ఇచ్చాను. ఏమనుకోకు.

పిచ్చుక